కుడితి తొట్టికి సిటీలో క్రేజ్.. సింహాద్రిపురం పల్లెల్లో పాత రాయికి అసలు ధర కడుతున్నది ఎవరు?

సింహాద్రిపురం: ఎద్దులు కుడితి తాగిన రాతి తొట్టిలో ఇప్పుడు కాగితం పూల మొక్క. జేజి పసుపు దంచిన రోట్లో కలబంద. పెళ్లిళ్లకు నీళ్లు కాచిన రాగి గంగాళంలో గులాబీ రేకులు, మధ్యలో తేలే దీపాలు. హైదరాబాద్, బెంగళూరు శివార్లలోని ఫామ్‌హౌస్‌లు, రిసార్ట్‌లు, ఫంక్షన్ హాళ్ల వీడియోలు చూస్తే కనిపించేది ఇదే. మన పల్లెల్లో పశువుల కొట్టం పక్కన, వేపచెట్టు కింద పడి ఉండే సామాను అక్కడ ‘డెకర్’ అయిపోయింది.

దీనికి ఇంటీరియర్ డిజైనర్లు వాడే పేర్లు చాలానే ఉన్నాయి. రస్టిక్, వింటేజ్.. అన్నిటికంటే ఖరీదుగా వినిపించేది ‘ఫ్రెంచ్ కంట్రీ’. పేరు ఫ్రాన్స్‌ది. పద్ధతి మాత్రం సింపుల్. రైతు ఇంట్లో వాడి వాడి అరిగిన వస్తువును తెచ్చి, దానికి రంగు వేయకుండా, అరుగుదల కనిపించేలా పెట్టి అందులో మొక్క నాటడం. అలా చూస్తే కడప జిల్లాలో పులివెందుల, సింహాద్రిపురం, జమ్మలమడుగు ప్రాంతాల పల్లెల్లో ఇలాంటి సరుకుకు కొదవే లేదు. మరి ఇది ఇక్కడి రైతుకు కలిసొచ్చే వ్యాపారమేనా? లేక పాత ఇనుము లెక్కన ఊరు దాటిపోతున్న ఆస్తా?

ఫ్రాన్స్‌లో ఏం జరిగింది?

దక్షిణ ఫ్రాన్స్‌లో ఆండూజ్ అని ఒక చిన్న ఊరు. అక్కడి మట్టి కుండీలు ప్రపంచమంతా ఫేమస్. పెద్ద గాబు సైజులో ఉండే కుండీ, చుట్టూ పూలదండ అచ్చు, ఆకుపచ్చ, తేనె రంగుల్లో కారినట్టుండే మెరుపు పూత. బోయిసే అనే కుమ్మరి 17వ శతాబ్దం మొదట్లో సంతలో ఇటలీ కుండీని చూసి వీటిని మొదలుపెట్టాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. నారింజ, నిమ్మ చెట్లను చలికాలంలో లోపలికి జరపాలి కాబట్టి నేలలో కాకుండా కుండీల్లో పెంచేవాళ్లు. రాజుగారి వెర్సాయ్ కోటలో అదే పనికి చెక్క పెట్టెలు వాడారు. పక్కలు ఊడదీసి వేర్లు కత్తిరించుకునేలా ఉండే ఆ చదరపు పెట్టెను ఇవాళ్టికీ ‘వెర్సాయ్ ప్లాంటర్’ అనే అమ్ముతున్నారు. 1830ల్లో మొదలైన వాల్ దోన్ ఫౌండ్రీ పోత ఇనుముతో తోట కుండీలు, ఫౌంటెన్లు పోసింది. ఇవి గొప్పింటి సామాను.

‘కంట్రీ’ అనే మాట తెచ్చింది మాత్రం పల్లె వస్తువులు. పశువుల రాతి తొట్టి, జింకు బక్కెట్టు, ద్రాక్ష బుట్ట, పాత కిటికీ తలుపు. ట్రాక్టర్లు వచ్చాక ఫ్రాన్స్ పల్లెల్లో కూడా ఎద్దులు, గుర్రాలు పోయాయి. తొట్లు ఖాళీ అయ్యాయి. వాటిని పాత సామాన్ల వ్యాపారులు ఊరూరా తిరిగి ఏరుకున్నారు. ప్రొవాన్స్ ప్రాంతంలోని లీల్-సుర్-లా-సోర్గ్ అనే ఊరు ఈ పాత సామాను మీదే పేరు తెచ్చుకుంది. పారిస్ శివారులోని సెయింట్-వాన్ పాత సంత సంగతి సరేసరి. అమెరికా నుంచి కూడా వచ్చి కొనుక్కుపోతారు.

ఇంగ్లండ్‌లో ఇంకో మలుపు. అక్కడ పల్లె తొట్లను కొండ మొక్కలు పెంచేందుకు తోటల్లోకి తెచ్చారు. గిరాకీ పెరిగి అసలు తొట్లు దొరక్క, ధర అందక.. సిమెంట్, ఇసుక, పీట్ కలిపి రాయిలా కనిపించే నకిలీ తొట్టి చేయడం మొదలుపెట్టారు. దానికి ‘హైపర్‌టుఫా’ అని పేరు. ఇవాళ యూట్యూబ్‌లో ‘ఇంట్లోనే రాతి కుండీ చేసుకోండి’ అని కనిపించే వీడియోల్లో చాలావాటి మూలం ఇదే. అసలు సరుకు అయిపోయాక నకలుకు కూడా మార్కెట్ వచ్చిందన్నమాట.

అసలు విచిత్రం ఏంటంటే.. విదేశీ దుకాణాల్లో ‘ఫ్రెంచ్ వింటేజ్’ లుక్‌తో అమ్ముడయ్యే కుండీలు, బల్లలు ఎన్నో తయారవుతున్నది మన దేశంలోనే. ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో లోహపు సామాను, రాజస్థాన్‌లోని జోధ్‌పూర్‌లో చెక్క సామాను. కొత్తది చేసి, రంగు గీకి, అంచులు అరగదీసి పాతదానిలా మార్చి ఓడ ఎక్కిస్తారు. నిజంగా పాతదైన మన తొట్టి మాత్రం కొట్టంలోనే ఉండిపోయింది.

మన తొట్లు ఎప్పుడు ఖాళీ అయ్యాయి?

సింహాద్రిపురం, లింగాల, పులివెందుల వైపు ఒకప్పుడు వేరుశనగ, జొన్న, కొర్ర. ఇంటికి రెండు జతల ఎద్దులు ఉంటే పెద్ద రైతు. బియ్యం కడిగిన నీళ్లు, తవుడు, గంజి కలిపిన కుడితి పోయడానికి వాకిట్లో రాతి తొట్టి తప్పనిసరి. ఆ తర్వాత బోర్లు వచ్చాయి, డ్రిప్ వచ్చింది, చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ నీళ్లొచ్చాయి. ఇప్పుడు ఎటు చూసినా అరటి, చీనీ తోటలే. దున్నేది ట్రాక్టర్. ఎద్దులు పోయాయి, తొట్టి మిగిలింది.

ఇళ్లూ మారిపోయాయి. దంతెలు పరిచి, పైన మట్టి కప్పిన మిద్దెలు కూల్చి ఆర్సీసీ స్లాబు వేస్తున్నారు. పాత మిద్దె విప్పితే బయటపడేది మామూలు సరుకు కాదు. టేకు, వేప దూలాలు, చెక్కడం పని ఉన్న ద్వారబంధాలు, ఇత్తడి బొడిపెల తలుపులు, రాతి స్తంభాలు. కొత్త ఇంటికి ఇవేవీ సరిపోవు. తలుపు ఎత్తు తక్కువ, వంగి లోపలికి రావాలి. అందుకే కూలీ ఖర్చులకు వస్తే చాలని ఇచ్చేస్తున్నారు.

పక్కనే కొండాపురం మండలంలో ఇంకో కథ. 26.85 టీఎంసీల గండికోట జలాశయం కోసం పలు గ్రామాలు ఖాళీ అయ్యాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు ముంపు వార్తలు రాష్ట్రమంతా చూసింది. ఊరు వదిలి వెళ్లేటప్పుడు ఎవరైనా మొదట విప్పుకునేది తలుపులు, కిటికీలు, దూలాలే. రాతి తొట్టి లాంటి బరువు సామాను సంగతి అప్పుడు ఎవరికి గుర్తుంటుంది? ట్రాక్టర్‌లో ఎక్కితే ఎక్కినట్టు, లేకపోతే నీళ్లకు వదిలేసినట్టే. అలాంటి సమయంలో ధర మాట్లాడుకునే ఓపిక కూడా అమ్మేవాడికి ఉండదు.

బేరం ఎలా నడుస్తుంది?

ఈ వ్యాపారంలో ధర నిర్ణయించేది ఎప్పుడూ కొనేవాడే. బేరం దాదాపు ఒకేలా మొదలవుతుంది. “పెద్దాయనా, ఆ తొట్టి ఊరికే పడుండాది గదా, ఇస్తావా?” “తీసుకపో నాయనా, మాకేం పని దాంతో. దారికి అడ్డం.” అంతే. అడ్డం అన్న మాట నోటి నుంచి వచ్చిందంటే ధర సగానికి సగం పడిపోయినట్టే.

నిజానికి అక్కడి నుంచి సిటీ దాకా ఖర్చు లేకుండా రాదు. మూడు అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు ఉన్న తొట్టి తీసుకుందాం. గోడ మందం నాలుగు అంగుళాలు, అడుగు ఆరు అంగుళాలు అనుకుంటే రాయి బరువు నాలుగు క్వింటాళ్లు దాటుతుంది. ఎత్తాలంటే ఆరేడుగురు మనుషులో, క్రేనో కావాలి. దారిలో పగిలితే మొత్తం నష్టం. వ్యాపారి చెప్పే ఈ లెక్క అబద్ధం కాదు. కానీ ఆ ఖర్చంతా తీసేసినా సిటీ ధరకూ, ఊళ్లో చేతికిచ్చే డబ్బుకూ మధ్య చాలా దూరం. ఆ దూరం తెలియకపోవడమే ఊళ్లో అమ్మేవాడి అసలు నష్టం.

రాగి, ఇత్తడి సామానుది ఇంకో మోసం. గంగాళం, అండా, కాగు.. వీటిని తూకం మీద కొంటారు. అంటే లోహం ధర మాత్రమే కడతారు. చేత్తో సాగగొట్టిన సుత్తి దెబ్బలు, కడియాలు, మీద చెక్కిన తాతల పేర్లు.. ఇవన్నీ తూకంలో సున్నా. అదే గంగాళం షోరూంలోకి వెళ్లాక ఆ సుత్తి దెబ్బలకూ, ఆ పేరుకే రేటు! పేరు చెక్కి ఉంటే ‘ఒరిజినల్’ అని ఇంకాస్త ఎక్కువ.

పన్ను మాటకొస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త జీఎస్టీ రేట్లలో వందేళ్లు దాటిన పురాతన వస్తువులపై పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పైగా వాడిన వస్తువుల వ్యాపారికి ‘మార్జిన్’ పద్ధతి ఉంది. కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీదే పన్ను. ఉదాహరణకు ఊళ్లో 3 వేలకు కొని సిటీలో 30 వేలకు అమ్మాడనుకోండి. 27 వేల మీద పాత రేటు ప్రకారం 3,240 రూపాయలు కట్టాలి. ఇప్పుడు 1,350 చాలు. కానీ ఒక మెలిక ఉంది. 5 శాతం కావాలంటే వస్తువు వందేళ్లు దాటిందని వ్యాపారి ఒప్పుకోవాలి. అలా ఒప్పుకున్న క్షణంలోనే ఇంకో చట్టం తలుపు తడుతుంది.

ఏది అమ్మొచ్చు? ఏది అమ్మితే కేసు?

ఇక్కడే చాలామందికి క్లారిటీ లేదు. 1972 నాటి పురాతన వస్తువులు, కళా సంపద చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం వందేళ్లు దాటిన శిల్పం, నాణెం, శాసనం, చేతిపనితనం ఉన్న వస్తువు ‘పురాతన వస్తువు’ కిందికి వస్తుంది. రాతప్రతులకైతే 75 ఏళ్లే. భవనం నుంచి విడదీసిన వస్తువు కూడా ఈ నిర్వచనంలో ఉంది. అంటే తాతల కాలం చెక్కడపు ద్వారబంధం, రాతి స్తంభం కూడా చట్టం కంటికి కనిపించే సరుకే.

అలాగని ఇంట్లో పాత రోలు ఉంటే పోలీసులు వస్తారని భయపడక్కర్లేదు. సొంత వస్తువు దేశంలోపల అమ్ముకోవడం నేరం కాదు. ప్రభుత్వం నోటిఫై చేసిన రాతి, లోహ శిల్పాలు, పెయింటింగుల వంటి వాటిని మాత్రం రిజిస్టర్ చేయించాలి. చేతులు మారితే ఆ సంగతీ చెప్పాలి. పురాతన వస్తువులను వ్యాపారంగా కొని అమ్మేవాళ్లకు లైసెన్స్ ఉండాలి. ఊళ్లోకి టెంపో వేసుకొచ్చే మనిషిని లైసెన్స్ ఉందా అని అడిగేవాళ్లు ఎంతమంది? దాదాపు ఎవరూ ఉండరు. ఇక దేశం దాటించడం అంటే అది పూర్తిగా వేరే లెక్క. ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయకూడదు. చేస్తే తక్కువలో తక్కువ ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు, జరిమానా. వస్తువు పురాతనమైంది కాదని పురావస్తు శాఖ సర్టిఫికెట్ ఇస్తేనే ఓడ ఎక్కేది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం వీరగల్లులతో. రాయలసీమ పల్లెల్లో చెరువు కట్ట మీద, ఊరి బయట, చేలగట్ల మీద కత్తి పట్టుకున్న వీరుడి బొమ్మతో నిలబెట్టిన రాళ్లు కనిపిస్తాయి. ఈ నేల మామూలు నేల కాదు. ఇదే జిల్లా ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో రేనాటి చోళుల శాసనం దొరికింది. క్రీ.శ. 575 నాటి తొలి తెలుగు శాసనంగా దానికి పేరు. అలాంటి చోట పొలంలో దొరికిన బండ మీద నాలుగు గీతలున్నా అది చరిత్ర కావచ్చు. అది ఎవరి సొంతమూ కాదు, కుండీ పక్కన అలంకారానికి అమ్ముకునేది అసలే కాదు. భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు చెప్పాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. గుడి స్తంభాలు, నంది విగ్రహాల జోలికి పోతే దేవాదాయ చట్టం కూడా మీద పడుతుంది. గుప్త నిధుల పేరుతో విగ్రహాలు పగలగొట్టే బ్యాచ్‌లతో ఈ ప్రాంతానికి ఇప్పటికే తలనొప్పి. డెకర్ గిరాకీ దానికి తోడైతే ఊరి చివర రాయికి కాపలా ఎవరు?

ఈ నేలకు, ఫ్రెంచివాళ్లకు పాత లింకు

పాత వస్తువు విలువ పోవడం ఈ ప్రాంతం ఇంతకుముందూ చూసింది. అదీ ఒక ఫ్రెంచివాడి కళ్లముందే! 1652లో ఫ్రాన్స్ వజ్రాల వ్యాపారి తవెర్నియే ముత్యాలు, రత్నాలు అమ్ముకోవడానికి గండికోట వచ్చాడు. అప్పుడు కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతిలో ఉంది. ఫిరంగులు పోయించడానికి మీర్ జుమ్లా మైయే అనే ఇంకో ఫ్రెంచివాణ్ని పెట్టుకున్నాడని, గుళ్లలోని లోహ విగ్రహాలు తెప్పించి కరిగించాడని తవెర్నియే రాసుకున్నాడు. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత చేసినా కరగలేదట. చివరికి ఒక్క ఫిరంగి కూడా తయారు కాలేదట. కరగలేదన్న మాట ఎంత నిజమో గానీ, విగ్రహాలను లోహం లెక్కన చూసిన సంగతి మాత్రం గంగాళాన్ని తూకం వేసే ఇప్పటి బేరానికి దగ్గరగానే ఉంది.

దీనికి పూర్తి రివర్స్‌లో హైదరాబాద్‌లో సాలార్‌జంగ్‌ల ఇంట్లో జరిగింది. అక్కడ ఫ్రాన్స్ రాజుల కాలపు బల్లలు, కుర్చీలు, గడియారాలు కొనుక్కొచ్చి దాచారు. 1951 డిసెంబర్‌లో తెరిచిన సాలార్‌జంగ్ మ్యూజియంలో వాటిని ఇవాళ టికెట్ కొని చూస్తున్నాం. పరాయి దేశం పాత కుర్చీకి గ్లాస్ కేసు. మన ఊరి పాత తలుపుకు టెంపో.

ఇప్పుడు గండికోటకే డబ్బులొచ్చాయి. 2024 నవంబర్‌లో కేంద్రం పర్యాటక పథకం కింద గండికోటకు రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. హోటళ్లు, టెంట్లు, వ్యూ పాయింట్లు వస్తే వాటికి కుండీలు, బల్లలు, తలుపులు కావాలి. అవి ఎక్కడి నుంచి కొంటారన్నదే ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న. ఆన్‌లైన్‌లో మొరాదాబాద్ జింకు కుండీ ఆర్డర్ పెట్టడం ఈజీ. 50 కిలోమీటర్ల లోపలి పల్లెల్లో మిద్దెలు విప్పుతున్న ఇళ్ల నుంచి తలుపులు, తొట్లు రసీదు ఇచ్చి, సరైన ధరకు కొని, ఏ ఊరిదో రాసి పెడితే ఆ వస్తువు జిల్లాలోనే ఉంటుంది. టెండర్ రాసేటప్పుడు ఒక్క లైను చేరిస్తే అయ్యే పని ఇది.

కొత్త తొట్టి ఇక్కడే చేయలేమా?

చేయొచ్చు. రాయి ఎలాగూ ఇక్కడిదే. ముంబై, పుణె వంటిళ్లలో గట్టు రాయిని ‘కడప్పా’ అనే పిలుస్తారు. మన జిల్లా పేరు అక్కడ రాయికి పేరైంది. వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట.. ఇవన్నీ భూగర్భ శాస్త్ర పుస్తకాల్లో రాతి పొరల పేర్లు. 1872లోనే విలియం కింగ్ ఈ కడప రాళ్ల మీద పెద్ద నివేదిక రాశాడు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాయి గనులు, పాలిష్ యూనిట్లు, అటు తాడిపత్రిలో కటింగ్ మిషన్లు. ప్రొద్దుటూరుకు ఉత్తరాన ఆళ్లగడ్డలో తరతరాల శిల్పులు. అయినా ఇక్కడి నుంచి వెళ్లేది ఎక్కువగా పలకే. పలకకు అడుగుల లెక్కన రేటు. అదే రాయి తొట్టిగా, కుండీగా, తోట బల్లగా వెళ్తే పనితనానికి రేటు. రాతి కళాకృతుల మీద కూడా జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది.

ఇంగ్లండ్ వాళ్లు సిమెంటుతో నకలు చేసుకోవాల్సి వచ్చింది. ఇక్కడ నకలు కూడా రాయితోనే చేయొచ్చు. కాకపోతే కొత్తదాన్ని కొత్తదనే అమ్మాలి. యాసిడ్ పోసి, మట్టి పూసి ‘వందేళ్ల తొట్టి’ అని అంటగట్టడం మొదలైతే అసలు తొట్టి ఉన్న రైతుకు కూడా ఎవరూ ధర ఇవ్వరు.

కొనేవాళ్లు తేడా ఇలా పట్టుకోవచ్చు. పాత తొట్టికి లోపల ఉలి దెబ్బలు ఒక వరుసలో ఉండవు. పశువులు నోరు పెట్టే అంచు మాత్రం నున్నగా, కాస్త లోపలికి అరిగి ఉంటుంది. మిషన్ కోతకు గీతలు తిన్నగా వస్తాయి. ఒకే బండను తొలిచిన తొట్టికి విలువెక్కువ. నాలుగు పలకలు నిలబెట్టి గచ్చుతో అతికిన గాబు విప్పితే మళ్లీ కుదురుకోవడం కష్టం. ఇంకో సంగతి.. కుడితి తొట్టికి అడుగున రంధ్రం ఉండదు, ఉంటే కుడితి నిలవదు కదా! నేరుగా మట్టి పోసి మొక్క నాటితే వానాకాలంలో నీళ్లు నిలిచి వేర్లు కుళ్లిపోతాయి. డ్రిల్లు పెడితే రాయి చీలొచ్చు, పాత వస్తువుగా విలువా తగ్గుతుంది. లోపల గులకరాళ్లు పరిచి మొక్కను కుండీతో సహా దింపడమే మేలు. రాగి గంగాళానికీ ఇదే పద్ధతి, రాగి వేర్లకు పడదు. నాపరాయి సున్నపురాయి కాబట్టి నిమ్మరసం, టాయిలెట్ యాసిడ్ తగిలితే తెల్ల మచ్చ పడుతుంది, అది పోదు.

ఇక అమ్మాలనుకునేవాళ్లకు. తొందరేం లేదు, రాయి పాడయ్యేది కాదు. టెంపో వచ్చిన రోజే ఇచ్చేయకుండా ఫోన్‌లో నాలుగు వైపులా ఫొటోలు తీసి, కొలతలు రాసుకుని, అలాంటిదే సిటీ షాపుల్లో ఎంతకు అమ్ముతున్నారో పిల్లల చేత చూపించుకుంటే సగం బేరం అక్కడే తేలిపోతుంది. గంగాళాన్ని తూకానికి కాకుండా వస్తువుగా అడగాలి. ఎవరికి అమ్మారో పేరు, ఫోన్ నంబరుతో ఒక చీటీ రాయించుకోవాలి. రేపు ఆ బండిలో ఇంకెవరిదో గుడి విగ్రహం దొరికితే ఆ చీటీయే రక్షణ. రాయి మీద అక్షరాలు, మనిషి బొమ్మ, దేవుడి గుర్తు ఏది కనిపించినా బేరం ఆపి తహసీల్దార్ ఆఫీసులోనో, పురావస్తు శాఖకో చెప్పాలి.

పెళ్లింట్లో రోలుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, ముత్తయిదువలు పసుపు దంచే ఆచారం సీమలో ఇంకా ఉంది. అందుకే చాలా ఇళ్లలో తొట్టి ఇస్తారు, తలుపు ఇస్తారు, రోలు మాత్రం అడిగితే పెద్దావిడ కుదరదంటుంది. వ్యాపారులకు కూడా ఈ సంగతి తెలుసు. అందుకే రోలు సంగతి చివర్లో, తొట్టి బండి ఎక్కాక అడుగుతారు.